క్రైస్తవ విద్యాలయముల విస్తరణము

మన పట్టణములందు పాత మిషను పాఠశాలల ప్రక్కగా పోవువారికి ఇప్పుడొక దృశ్యము సామాన్యమైపోయినది. పెంకుటిండ్ల వరుస యుండిన చోట మూడంతస్తుల మేడ లేచుచున్నది. ఆటస్థలమునకై ప్రక్కపొలము కొనబడుచున్నది. ప్రవేశపు దినములలో తెల్లవారకమున్నే తలిదండ్రులు ద్వారమువద్ద బారులు తీరియుందురు. ఆ బారులలో క్రైస్తవులెందరని లెక్కించినచో స్వల్పసంఖ్యయే తేలును. ఈ వృద్ధిని చూచి సంతోషించువారును గలరు, శంకించువారును గలరు. శంకించువారిలో పెక్కండ్రు తమ బిడ్డలను అచ్చటనే చదివించుచుండుట వేరుమాట. 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీముకోర్టు ధర్మాసనమొకటి వెలువరించిన తీర్పు మూలమున ఈ విషయమును నిదానముగ విచారింపవలసిన యవసరము కలిగినది.

ముందుగా శాసనస్థితిని తెలిసికొందము. 2002లో రాజ్యాంగమునకు 86వ సవరణ జరిగి, ఆరు మొదలు పదునాలుగేండ్లవరకు గల ప్రతి బిడ్డకును ఉచితవిద్య ప్రాథమికహక్కైనది. ఆ హక్కును ఆచరణమునకు దెచ్చుటకై 2009లో చేయబడిన చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిలోని 12వ విభాగము ప్రకారము ప్రైవేటు పాఠశాలలుకూడ ప్రవేశతరగతిలో నూటికి ఇరువదియైదు స్థానములు ఇరుగుపొరుగున నున్న పేదబిడ్డల కీయవలెను. 2014 మే 6వ తేదీన ఐదుగురు న్యాయమూర్తులు ప్రమతి వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, అల్పసంఖ్యాకుల పాఠశాలలకు, ప్రభుత్వ సహాయము పొందువానికిని పొందనివానికిని గూడ, ఈ చట్టము వర్తింపదనిరి. రాజ్యాంగపు 30వ అధికరణము వారికిచ్చిన స్వేచ్ఛకు ఇది భంగకరమని వారి యభిప్రాయము. 2025 నాటి ధర్మాసనము ఇరువురిది. వారు ఐదుగురి తీర్పును త్రోసివేయజాలరు గనుక, ఆ తీర్పు సమంజసమేనా యని సందేహము వెలిబుచ్చి, పెద్ద ధర్మాసనము విచారింపదగిన ప్రశ్నలను కూర్చి ప్రధాన న్యాయమూర్తి సమక్షమునకు పంపిరి. పేదబిడ్డలను చేర్చుకొన్నంతమాత్రమున పాఠశాలయొక్క అల్పసంఖ్యాక స్వరూపము నశించునా? వివాదమంతయు ఈ యొక్క ప్రశ్నచుట్టు తిరుగుచున్నది.

బాలల హక్కుల జాతీయ సంఘమువారు 2021లో ప్రకటించిన నివేదికలోని యంకెలు కొన్ని ఇచ్చట పేర్కొనదగినవి. మతరీత్యా అల్పసంఖ్యాకులైనవారిలో క్రైస్తవులు నూటికి 11.54 మందికాగా, అట్టి సమాజముల పాఠశాలలలో నూటికి 71.96 వారివే. క్రైస్తవ పాఠశాలల విద్యార్థులలో నూటికి 74 మంది ఇతరమతములవారు. అల్పసంఖ్యాకుల పాఠశాలలన్నిటిలోను గలిపి సాంఘికముగను ఆర్థికముగను వెనుకబడిన కుటుంబముల బిడ్డలు నూటికి 8.76 మంది మాత్రమే.

మొదటి యంకెను పట్టుకొని కోలాహలము చేయువారున్నారు. దానిలో ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు. 1854 నాటి ఉడ్ దొర విద్యాపత్రము ప్రైవేటు పాఠశాలలకు ధనసహాయపద్ధతిని ప్రవేశపెట్టినప్పుడు, ఆ సహాయమందుకొనుటకు భవనములతోను ఉపాధ్యాయులతోను సిద్ధముగనున్నవారిలో మిషనులే ముందుండిరి. నూటడెబ్బదియేండ్ల కూడబలుకు నేడు అంకెలరూపమున కనబడుచున్నది. మమ్ము కలవరపెట్టునది చివరి యంకె. దాని యర్థము తెలియవలెనన్న చరిత్రలోనికి కొంత పోక తప్పదు.

ఆంధ్రదేశమున క్రైస్తవవిద్య రెండు పాయలుగా ప్రవహించినది. మొదటిపాయ మచిలీపట్టణమున పుట్టినది. 1843లో రాబర్టు నోబిలు దొర యచ్చట స్థాపించిన ఇంగ్లీషు పాఠశాల అగ్రవర్ణముల బాలుర నుద్దేశించినది. పెద్దకులములవారు విద్యద్వారా మతమును స్వీకరించినచో తక్కినవారు వెంటవత్తురని యాతని యాశ. బాప్తిస్మపు వార్త పుట్టినప్పుడెల్ల తలిదండ్రులు పిల్లలను మాన్పించుకొనిరి. అలజడి యడగిన పిమ్మట మరల పంపిరి. మతము నాశించినవారికి మతము దక్కలేదుగాని, ఇంగ్లీషు నాశించినవారికి ఇంగ్లీషు దక్కినది. 1837లో స్కాటులండు మిషనువారి చిన్నబడిగా మొదలై, 1937లో తాంబరమునందలి విశాలమైన యడవినేలకు తరలిపోయిన మద్రాసు క్రైస్తవకళాశాలయు ఈ పాయలోనిదే. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారును, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారును ఆ కళాశాల విద్యార్థులు. ఒకరు బ్రహ్మసమాజమున ప్రవేశించిరి, ఒకరు కాంగ్రెసు చరిత్రకారులైరి. చదివినవారెల్ల క్రైస్తవులగుదురను భయము ఎంతవరకు సరియో పాఠకులే యూహింపగలరు.

రెండవపాయ ఒంగోలుసీమది. 1876–78 నాటి మహాక్షామమున అమెరికను బాప్తిస్టు మిషనుకు చెందిన క్లౌ దొర బకింగుహాము కాలువత్రవ్వకములో కొన్నిమైళ్ల గుత్త తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ కూలీలలో పెక్కుమంది దళితులు. కరవుదినములలో బాప్తిస్మమీయక నిలిపివైచెను. 1878 జులై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది మతము పుచ్చుకొనిరి. అక్షరమునకు దూరముగ నుంచబడిన పల్లెలకు పలకాబలపములు వచ్చినది అటుపిమ్మటనే. గుంటూరున 1842లో కాలిడిన హైయరు దొరతో నారంభమైన లూథరను మిషను పల్నాటి గ్రామములందును, 1912లో ఆంగ్లికను శాఖకు ప్రథమ భారతీయ బిషప్పైన అజరయ్యగారు దోర్నకల్లు ప్రాంతమునను నడిపిన పాఠశాలలును ఇట్టివే. అవి తాటాకు పందిళ్లు. ఉపదేశియే యుపాధ్యాయుడు, ఆయన భార్యయే రెండవ యుపాధ్యాయిని.

ఇప్పుడు మేడలు లేచుచున్నది ఏ పాయ యొడ్డున? ప్రశ్న యింతే. నూటికి 8.76 అను నంకె సమాధానము చెప్పుచున్నది. పల్లెల తాటాకుబడి క్షీణించినది. పట్టణపు ఇంగ్లీషుబడి పెరిగినది. ఈ దోషము క్రైస్తవులదే యనుట న్యాయముగాదు. వారి పాఠశాలలలోనే సహాయముపొందు తెలుగుబడులు అనేకము నేటికిని పేదల కాధారమై యున్నవి. ప్రభుత్వములు వాని ఉపాధ్యాయ స్థానములను ఏండ్లతరబడి భర్తీచేయనీయక ఎండగట్టినవి. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఇంకొక యడుగు ముందుకువేసి, ఎయిడెడు సంస్థలు తమ సిబ్బందినో, ఆస్తులతోసహా సంస్థలనో అప్పగించునట్లు ఉత్తరువులు గావించినది. ఆ చిక్కు క్రైస్తవ సంస్థలకేగాక హిందువుల ధర్మముతో వెలసిన వానికిని సమానముగనే తగిలినది. అక్టోబరు, నవంబరు నెలలలో విశాఖపట్టణమునందును అనంతపురమునందును తలిదండ్రులు, విద్యార్థులు వీథులకెక్కిన పిమ్మట, బలవంతమేమియు లేదనియు, సమ్మతిని మరల్చుకొనవచ్చుననియు ప్రభుత్వము ప్రకటించినది. ప్రకటన మంచిదే. కాని సహాయము చిక్కిపోయిన పాఠశాలకు మిగులు మార్గమేమి? రుసుము పెంచుట. రుసుము పెంచవలెనన్న మేడ కావలెను, బస్సు కావలెను, ఇంగ్లీషు కావలెను. విస్తరణమని మన మనుకొనుచున్న దానిలో కొంతభాగము నిజమునకు పేదలనుండి పలాయనము.

ఈ పలాయనమువలన నష్టపడువారెవరు? ఆ పాఠశాలలను తమవని చెప్పుకొను దళితక్రైస్తవులు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు ప్రకారము హిందూ, సిక్కు, బౌద్ధులుగాక ఇతరమతమున నున్నవారికి షెడ్యూల్డుకులపు హోదా లేదు. మన రాష్ట్రములలో వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా నూటికొక్క స్థానమునకు మాత్రమే పోటీపడవలసియున్నారు. మతము మారిననేమి, ఊరిబయటి యిల్లు ఊరిలోనికి రాలేదు. అట్టివారికి సంఘపు పాఠశాల యొక్కటియే పితరార్జితము. ఆ పాఠశాలద్వారమున నిలిచి, రుసుము కట్టలేక వెనుదిరుగు బాలుడు అల్పసంఖ్యాకుడా, అధికసంఖ్యాకుడా యని న్యాయస్థానములు తర్కించుచుండవచ్చును. వానికి కావలసినది బల్లపై చోటు.

ఇక 30వ అధికరణమే యనవసరమను వాదము. దీనిని మేమంగీకరింపజాలము. రాజ్యాంగసభలో అల్పసంఖ్యాకుల యుపసంఘమునకు అధ్యక్షులు హరేంద్రకుమార ముఖర్జీగారు, ఆయన క్రైస్తవులు. మద్రాసు లయోలా కళాశాలనుండి వచ్చిన జెసూటు గురువు జెరోం డిసౌజాగారు సభ్యులు. మతమునుబట్టి శాసనసభలలో ప్రత్యేకస్థానములు కావలెనని పట్టుపట్టక, జాతితో కలిసి నడచెదమని క్రైస్తవ నాయకులు నిలిచిరి. వారు కోరినది తమ విశ్వాసమును, తమ విద్యాలయములను కాపాడుకొను హామీ. దేశము మాట యిచ్చినది. ఇచ్చినమాటను అంకెలు చూపి వెనుకకు తీసికొనుట మర్యాదగాదు. 1974లో అహమ్మదాబాదు సెయింటు జేవియరు కళాశాల వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తులు ఈ హామీని దృఢపరచిరి. నిర్వహించు హక్కు దుర్నిర్వహణకు హక్కుకాదని 1958లోనే కేరళ విద్యాబిల్లు సందర్భమున న్యాయస్థానము చెప్పియుండెను.

ఈ రెండుమాటలను గలిపి చూచినచో మార్గము కానరాకపోదు. ప్రధానోపాధ్యాయుని నియామకము, పాలకవర్గము, ప్రార్థన, ఆచారము — వీనిలో ప్రభుత్వము వ్రేలుపెట్టరాదు. కాని ఇప్పటికే నూటికి 74 మంది అన్యమతబాలురను, వారి రుసుములతోసహా, చేర్చుకొనుచున్న పాఠశాలకు, పొరుగువీథి పేదబిడ్డలు ప్రవేశించినంతనే స్వరూపము చెడునని వాదించుట మాకు రుచింపలేదు. ధనవంతుడైన అన్యమతస్థునివలన చెడని స్వరూపము పేదవానివలన నేల చెడవలెను? ఆ ఇరువదియైదింటిలో పేదక్రైస్తవ బాలురకు మొదటిచోటు ఇచ్చుకొను వెసులుబాటు కల్పించినచో అభ్యంతరములలో చాలభాగము తొలగిపోవును. ప్రభుత్వముకూడ తాను చెల్లింపవలసిన మొత్తమును ఏడాదులు గడపక సకాలమున చెల్లింపవలెను. ఈ షరతు లేక పై షరతు నిలువదు. ఈ చట్టములోని పేదల స్థానములు క్రైస్తవేతర ప్రైవేటు పాఠశాలలందును మన తెలుగునాట చిరకాలము కాగితముపైననే యుండెనని మరువరాదు. ఇతరులను వ్రేలెత్తి చూపుటకుముందు మన కమిటీలు నడుపు బడుల ప్రవేశపట్టికలను విప్పి చూచుట మంచిది.

1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారు మిషను విద్యకు సమాధానముగా ఏమిచేసిరి? నోబిలు పాఠశాల యుండిన ఆ మచిలీపట్టణముననే ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. గ్రామగ్రామము తిరిగి చందాలు దండిరి. నేడు జిల్లాలలో భూములున్నవారికి, వర్తకమున్నవారికి ఆ శక్తి అంతకంటె నెక్కువగనే కలదు. ఆ చందాపుస్తకము మాత్రము కానరాదు.

క్రైస్తవసంఘముల పెద్దలతోను ఒకమాట. కొన్నిచోట్ల సంఘపు భూములు పరాధీనమగుటయు, వానిపై వ్యాజ్యములు నడచుటయు లోకవిదితమే. పట్టణమున మేడకు పునాదివేయు ప్రతిసంస్థయు, అదే సంవత్సరమున తన పల్లెపాఠశాల లెన్ని మూతపడినవో, వాని స్థలము లేమైనవో, రుసుములేక చదువుచున్న బాలురెందరో సంఘసభ్యుల యెదుట లెక్కచెప్పవలెను. ఈ లెక్కను అడుగు హక్కు ప్రభుత్వమునకు కలదా లేదా యనునది న్యాయస్థానము తేల్చునుగాక. తాటాకుపందిరిక్రింద ఓనమాలు దిద్దినవారి మనుమలకు ఆ హక్కు ఇప్పుడే కలదు. వారు అడుగుట కారంభించినట్లు మాకు వార్తలందుచున్నవి.