మిణుకుమని తెలియని మిణుకు



1054వ సంవత్సరం జూలైలో చైనా జ్యోతిశ్శాస్త్రజ్ఞులు వృషభ రాశిలో ఒక క్రొత్త నక్షత్రాన్ని చూచి వ్రాసి పెట్టారు. అది 23 దినములు పట్టపగలే కనిపించింది. రాత్రివేళ దాదాపు రెండేండ్లు కనిపించి మాయమైంది. నిజానికి అది పుట్టిన నక్షత్రం కాదు, ప్రేలిపోయిన నక్షత్రం. ఆ ప్రేలుడులో చెదరిన వాయువులే నేటి క్రాబ్ నెబ్యులా. అది మనకు సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది.

మరి నక్షత్రం ఏమైంది? దాని నడిగర్భం కుంగి, సుమారు 20 కిలోమీటర్ల అడ్డుకొలత గల గోళమైంది. బరువు మాత్రం సూర్యుని కంటె ఎక్కువ! అది సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుచున్నది. దీనినే పల్సార్ అంటారు.

దానికి వెలుగు ఎక్కడిది? సైకిల్ డైనమోను గమనించండి. అయస్కాంతం తిరిగితే విద్యుత్తు పుడుతుంది, దీపం వెలుగుతుంది. ఈ గోళపు అయస్కాంత శక్తి భూమికున్న దానికి లక్షల కోట్ల రెట్లు. అది అంత వేగంగా తిరిగినప్పుడు పుట్టే విద్యుత్ బలం ఎలక్ట్రాన్లను ఇంచుమించు కాంతి వేగంతో తరుముతుంది. అయస్కాంత రేఖల వెంట వంగి పరుగెత్తుతూ అవి కాంతిని వెదజల్లుతాయి. ఆ కాంతి అన్ని దిక్కులకు సమానంగా పోదు. సముద్రతీరపు దీపస్తంభం వలె గోళంతోపాటు తిరుగుతుంది. మనవైపు తిరిగినప్పుడే మనకు మెరుపు. ఒక్కొక్క చుట్టుకు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు మెరుపులు.

వింత ఏమిటంటే, 1942లోనే బాడే, మింకోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞులు ఈ నక్షత్రాన్ని గుర్తించారు. అయినా అది మిణుకుమంటున్నదని 27 ఏండ్ల వరకు ఎవరూ కనుగొనలేదు. పాతకాలపు ట్యూబులైటు కూడా సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, మన కంటికి తెలుస్తుందా? 1968లో రేడియో తరంగాలలో దీని స్పందనలు దొరికాయి. 1969 జనవరిలో అమెరికాలోని ఆరిజోనాలో కాక్, డిస్నీ, టేలర్ అనువారు క్షణభాగాలను విడదీసే పరికరంతో చూడగా, వెలుగులోనూ ఆ మెరుపులు బయటపడ్డాయి.

దీనితో మరొక చిక్కు విడిపోయింది. ప్రేలి తొమ్మిది వందల ఏండ్లు దాటినా ఆ మేఘం ఇంకా ఎందుకు వెలుగుచున్నది? గోళం భ్రమణం దినదినం కొద్దికొద్దిగా మందగిస్తున్నది. ఒక్కొక్క చుట్టుకు పట్టే కాలం రోజుకు సెకనులో వందకోట్లవ వంతులు సుమారు 38 చొప్పున పెరుగుచున్నది. అలా అది పోగొట్టుకొనే శక్తియే చుట్టూ ఉన్న మేఘాన్ని వెలిగిస్తున్నది.

చలికాలపు రాత్రి మీ పిల్లలకు వృషభ రాశిని చూపించండి. ఆ నక్షత్రం కంటికి కనబడదు. కాని అది అక్కడ తన వేగాన్ని వెచ్చించి వెలుగునిస్తున్నదని చెప్పండి.