ప్రాణం తీసే సమయం ఎవరిది? బాగుచేసే పని ఎవరిది?



ప్రసంగి గ్రంథం మూడవ అధ్యాయం తెలియనివారు మన సంఘాల్లో ఉండరు. ప్రతిదానికి ఒక సమయం ఉన్నదని చెప్పే అధ్యాయం అది. పెళ్ళిలో చదువుతాము, భూస్థాపన ఆరాధనలో చదువుతాము, డిసెంబరు 31 రాత్రి కూడా చదువుతాము. దానిలో మూడవ వచనంలో, చంపడానికి ఒక సమయం, బాగుచేయడానికి ఒక సమయం అని రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మామూలు రోజుల్లో ఆ మాట దగ్గర ఎవరూ ఆగరు. కాని 2022 నవంబరు 22 తరువాత మన చండ్రుగొండ మండలంలో అక్కడ ఆగినవారు చాలామంది ఉన్నారు. "వాక్యంలోనే ఉంది కదమ్మా, చంపడానికి కూడా టైము ఉందని" అని వార్డులో మాతోనే అన్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట అప్పుడప్పుడు వినబడుతూనే ఉంది. అందుకని నర్సింగ్ విభాగం తరఫున ఈ సంచికలో దీని గురించి రాస్తున్నాము. మేము వేదపండితులము కాము, మా చదువు నర్సింగ్ డిప్లొమా వరకే. అయినా చావుబ్రతుకుల దగ్గర నిలబడే ఉద్యోగం మాది గనుక మాకు తోచినది చెబుతాము.

ఆ రోజు జరిగింది మీ అందరికీ తెలుసు. చండ్రుగొండ ఫారెస్టు రేంజి అధికారి చలమల శ్రీనివాసరావు గారు బెండాలపాడు పంచాయతీ ఎర్రబోడు దగ్గర ప్లాంటేషన్‌కు వెళ్ళినప్పుడు ఆయన మీద కొడవళ్ళతో దాడి చేశారు. ఆయన బ్రతకలేదు. సొంత ఊరిలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. దాడి చేసినవారు ఛత్తీస్‌గఢ్ నుండి వలస వచ్చి ఇక్కడి అడవిలో పోడు చేసుకుంటున్న గుత్తికోయలు. 2023 ఆగస్టులో కొత్తగూడెం కోర్టు ఇద్దరికి యావజ్జీవ శిక్ష విధించింది.

హత్య హత్యే. పోడు కష్టాలు చెప్పి దానిని తేలిక చేసి మాట్లాడేవారు కొందరున్నారు, వారితో మేము ఏకీభవించము. ఆయన ఒంటి మీద ఉన్న యూనిఫారం ప్రభుత్వానిది కావచ్చు, లోపల ఉన్న ప్రాణం దేవుడిచ్చినది. ఆయనకూ ఇల్లున్నది, పిల్లలున్నారు. మన సంఘాల్లో బీట్ ఆఫీసర్లు, వాచర్లుగా పనిచేసేవారి కుటుంబాలు ఉన్నాయి. ఆ తరువాత ఎన్ని రాత్రులు ఆ ఇళ్ళ ఆడవాళ్ళు నిద్రపోలేదో, బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మాకు తెలిసింది.

అయితే ఆ కోపం ఆ ఇద్దరి దగ్గర ఆగలేదు. కొద్ది రోజులకే గుత్తికోయలందరినీ అక్కడి నుండి పంపివేయాలని బెండాలపాడు పంచాయతీలో తీర్మానం చేశారు. ఊళ్ళలో మాటలు ఇంకా గట్టిగా ఉండేవి, అవి ఇక్కడ రాయము. మా ప్రసూతి వార్డులో మన సంఘంలోనిదే ఒక కుటుంబం, "సిస్టరమ్మా, మా కోడలిని ఆ మంచం పక్కన పెట్టకండి. మన రేంజరుగారిని చంపినోళ్ళు వాళ్ళు" అన్నారు. పక్క మంచం మీద ఉన్నది ఒక గుత్తికోయ బాలింత. ఆమె బిడ్డకు అప్పటికి రెండు రోజులు.

ఇప్పుడు వాక్యానికి వద్దాము. ప్రసంగి అక్కడ ఆజ్ఞ ఇవ్వడం లేదు. సూర్యుని క్రింద మనుష్యులకు ఏమేమి సంభవిస్తాయో చూసి చెబుతున్నాడు. పుట్టడానికి ఒక సమయం ఉన్నదని కూడా అదే చోట రాశాడు. అంతమాత్రాన కాన్పు ఏ రోజో మేము చెప్పగలమా? స్కానింగులో రాసిన తేదీకే పుట్టిన బిడ్డలు ఎంతమందో తల్లులను అడగండి. ఆ సమయాలు దేవుని చేతిలో ఉన్నవని చెప్పడమే ఆయన ఉద్దేశం గాని, మనలో ఎవరైనా గడియారం చూసుకుని, ఇది చంపే వేళ అని లేవమని కాదు. పది ఆజ్ఞల్లో నరహత్యను నిషేధించిన చోట ఉన్న హెబ్రీ మాట, ప్రసంగిలో ఉన్న మాట ఒకటి కాదని పండితులు చెబుతారు. ప్రసంగి మాట యుద్ధంలో చంపడానికీ, శిక్షగా చంపడానికీ కూడా వాడే విశాలమైన మాట. కాబట్టి ఒకదానిని చూపించి ఇంకొకదానిని కొట్టివేయడం కుదరదు.

పాత నిబంధనలో ప్రాణానికి ప్రాణం అనే నియమం ఉన్న మాట నిజమే. కాని దాని చుట్టూ ఎన్ని కంచెలు వేశారో చాలామంది చదవరు. సంఖ్యాకాండము 35వ అధ్యాయం తీసి చూడండి. చంపబడినవాని బంధువు కత్తి పట్టుకుని తరుముతుంటే, పరుగెత్తి దాగడానికి ఆరు ఆశ్రయపురములు ఏర్పాటు చేయించాడు దేవుడు. సమాజము ఎదుట విచారణ జరిగేదాకా అతనిని ముట్టకూడదు. ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ మరణం విధించకూడదు. ఆ పురములు ఇశ్రాయేలీయులకు మాత్రమే కాదు, వారి మధ్య నివసించే పరదేశులకు కూడా అని 15వ వచనంలో స్పష్టంగా ఉంది. ఎక్కడి నుండో వచ్చి మన అడవిలో ఉంటున్నవారిని గురించి మాట్లాడేటప్పుడు ఆ వచనం గుర్తుండాలి. తండ్రి దోషానికి కుమారుడు చావకూడదని ద్వితీయోపదేశకాండము 24లోను, యెహెజ్కేలు 18లోను ఉంది. అలాంటప్పుడు ఇద్దరు చేసిన దానికి గూడెమంతా ఎలా జవాబుదారీ అవుతుంది? రెండు రోజుల పసివాడు ఎలా అవుతాడు?

శిక్ష వేసే పని రోమా 13 ప్రకారం పరిపాలకులది. కోర్టు విచారించింది, శిక్ష వేసింది. ఉరి వేయవలసింది అనేవారు మాలో కూడా ఉన్నారు, అసలు ఉరే ఉండకూడదు అనేవారూ ఉన్నారు. ఆ వాదన నర్సులు తేల్చేది కాదు.

మేము తేల్చవలసింది ఇంకొకటి ఉంది. దానికి మార్కు సువార్త మూడవ అధ్యాయం కావాలి. విశ్రాంతి దినమున సమాజమందిరంలో ఊచచెయ్యి గలవాడు ఒకడున్నాడు. ప్రభువు అతనిని బాగుచేస్తే నేరం మోపాలని కొందరు కాచుకుని ఉన్నారు. అప్పుడు ప్రభువు వారిని అడిగిన ప్రశ్న గమనించండి. ఈ రోజున ప్రాణం రక్షించడం ధర్మమా, చంపడం ధర్మమా అని అడిగాడు. అక్కడ ఎవరూ ఎవరినీ చంపడానికి కత్తి ఎత్తలేదు. ఒక రోగిని ఇవాళ ముట్టవద్దు, రేపు చూద్దాము అన్నారు, అంతే. అయినా ఆయన ఆ "రేపు చూద్దాము"ను బాగుచేయడం వైపు పెట్టలేదు, రెండింటికీ మధ్య ఒక చోటు చూపించి అక్కడా పెట్టలేదు. వాళ్ళు జవాబు చెప్పలేక ఊరుకున్నారు. ఆయన వారి హృదయ కాఠిన్యానికి దుఃఖపడి, కోపంతో చూసి, ఆ మనిషిని బాగుచేశాడు.

ఈ వాక్యం మా ఉద్యోగానికి ఎంత దగ్గరో చెబుతాము. కాన్పు తరువాత రక్తస్రావం ఆగకపోతే తల్లి రెండు గంటల్లో కూడా పోవచ్చు. ఫాల్సిపారం మలేరియా ఒకటి రెండు రోజుల్లో మెదడుకు ఎక్కవచ్చు, పసిపిల్లలకు ఇంకా త్వరగా ఎక్కుతుంది. నేల మీద పడుకున్నవారిని కట్లపాము రాత్రిపూట కరిస్తే వాపు ఉండదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఆ తరువాత ఊపిరి. ఇలాంటి రోగిని మంచం మీద మోసుకుని వాగులు దాటి వచ్చినవారిని, "ఏ గుంపు మీది? ఆధార్ ఉందా? ఆ ఎర్రబోడు వాళ్ళేనా?" అని గేటు దగ్గర అరగంట నిలబెడితే, ఎవరూ కొడవలి ఎత్తకుండానే మనిషి పోతాడు. అదేమీ నేరంగా ఎవరికీ కనిపించదు, కేసు కూడా ఉండదు. ఆస్పత్రి దాకా వచ్చాక పరిస్థితి ఇది. ఇక తిడతారనో కొడతారనో భయపడి గూడెంలోనే ఉండిపోయినవారి లెక్క మా రిజిస్టర్లో కూడా ఉండదు.

ఈ దేశ చట్టం కూడా దీనిని ఎప్పుడో చెప్పింది. స్కూటరు మీద వెళుతూ కారు గుద్దిన ఒక మనిషిని, ఇది పోలీసు కేసు, వేరే ఆస్పత్రికి తీసుకుపొమ్మని పంపితే దారిలోనే చనిపోయాడు. ఆ వార్త పట్టుకుని పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1989లో తీర్పు వచ్చింది. గాయపడి వచ్చినవాడు నిర్దోషి అయినా, శిక్షార్హుడైన నేరస్థుడైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు పని తరువాత అని తీర్పు. అందుచేత మా క్యాజువాలిటీలో రక్తం కారుతున్న మనిషిని ముందు పడుకోబెడతాము, ఎంఎల్‌సీ పుస్తకం తరువాత తెరుస్తాము. కొందరు బంధువులు దీనికి కూడా కోపపడతారు, మా వాణ్ణి కొట్టినవాడికి కూడా మీరే కుట్లు వేస్తారా అని. వేస్తాము. ఇద్దరికీ అదే దారం, అదే టీటీ ఇంజెక్షను.

గెత్సేమనే తోటలో పేతురు కత్తి దూసి మల్కు చెవి నరికిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. ఆ చెవిని ప్రభువు ముట్టి బాగుచేశాడని రాసింది మాత్రం లూకా ఒక్కడే. లూకా వైద్యుడు కదా, ఆ సంగతి వదలలేకపోయాడేమో అని మేము అనుకుంటాము. ఆ మల్కు ఎవరు? ప్రభువును పట్టుకుపోవడానికి వచ్చిన గుంపులోనివాడు. బాగైన చెవితోనే వెనక్కి వెళ్ళాడు, ప్రభువును కట్టి తీసుకుపోయారు. అంటే బాగుచేసినందుకు ఎదుటివారు మారతారన్న హామీ అక్కడ లేదు. 2 రాజులు 6లో మాత్రం వేరుగా జరిగింది. చేతికి చిక్కిన సిరియా సైనికులను చంపనా అని రాజు అడిగితే, భోజనం పెట్టి పంపమన్నాడు ఎలీషా. ఆ దండులు మళ్ళీ ఆ దేశంలోకి రాలేదు. రెండు రకాలుగానూ జరగవచ్చు, అది మన చేతిలో లేదు.

క్షమిస్తే నేరం ఊరికే పోతుంది కదా అని కొందరి బాధ. ఒడిశాలో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో వాహనంలోనే కాల్చి చంపారు. భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమించానని చెప్పారు. అయినా కేసు నడిచింది, ప్రధాన నిందితునికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆమె క్షమాపణ కోర్టుకు అడ్డం రాలేదు, కోర్టు శిక్ష ఆమె క్షమాపణకూ అడ్డం రాలేదు. హత్యల తరువాత కూడా ఆమె ఐదేళ్ళు బరిపదలోనే ఉండి కుష్ఠురోగుల గృహం పని చూశారు. భర్తను కోల్పోయిన రాష్ట్రంలోనే అక్కడివారి పుండ్లు కడగడం మాటలు కాదు. అంతటిది మన కుటుంబాల నుండి మేము అడగడం లేదు. పక్క మంచం అడుగుతున్నాము, అంతే.

(తగ్గని జబ్బుతో బాధపడే పెద్దవారికి ఏదైనా ఇంజెక్షను ఇచ్చి పంపించెయ్యమని అడిగేవారు కూడా ఈ ప్రసంగి వచనాన్నే చెబుతుంటారు. అది వేరే పెద్ద సంగతి, ఇంకొక సంచికలో రాస్తాము.)

ఆ బాలింత మంచం మేము మార్చలేదు. సంఘ కుటుంబం వారి కోడలిని కూడా మార్చలేదు, ఎందుకంటే ఆ రోజు వేరే మంచం ఖాళీ లేదు. ఖాళీ ఉన్నా మార్చేవారము కాము, ఇకమీదట కూడా మార్చము. వార్డులో మంచాలు వచ్చిన వరుసలోనే ఇస్తాము. అంటుజబ్బు ఉంటే తప్ప వేరు గది ఉండదు. ఈ విషయంలో డ్యూటీ సిస్టర్లతో వాదించవద్దని మనవి.

మాకు ఒక సహాయం కావాలి. గర్భిణీల క్లినిక్ రోజున గుంపుల నుండి వచ్చే తల్లులకు తెలుగు సరిగా రాదు. ఎన్నో నెల, బిడ్డ కదులుతోందా, ఇనుము మాత్రలు మింగుతున్నావా అని అడగడానికి మాట తెలిసినవారు లేక సైగలతో నెట్టుకొస్తున్నాము. మన సంఘాల్లో కోయ భాష వచ్చిన అక్కలు, పిన్నమ్మలు ఉన్నారని మాకు తెలుసు. గుత్తికోయల మాట కొంత తేడాగా ఉంటుంది గాని, వింటే అర్థమవుతుందని వారే చెబుతారు. వారంలో ఒక ఉదయం వచ్చి కూర్చోగలిగినవారు ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ దగ్గర పేరు రాయించండి. బస్సు చార్జీ, మధ్యాహ్న భోజనం ఆస్పత్రి చూసుకుంటుంది.