చదునుగా ఉంటే చాలదు... పాదానికి నప్పాలి!

పెళ్లికి బయల్దేరేటప్పుడు కాళ్లకున్న ఎత్తు మడమల చెప్పులు, భోజనాల వేళకి కుర్చీ కిందకు చేరతాయి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఉంటాయి. ఈ అవస్థ పడలేకే ఎంతోమంది అమ్మాయిలు ఫ్లాట్స్‌కి ఓటేస్తున్నారు. మంచిదే. కానీ 'ఎత్తు లేదు కదా, ఇక నొప్పెందుకొస్తుంది' అనుకుని అట్టముక్కలా పల్చగా ఉన్న జతను కొనేస్తే అసలుకే మోసం. పాదం కింద వంపుకి ఆసరా లేక, ప్రతి అడుగు అదురూ మడమకే తగులుతుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే సూదితో గుచ్చినట్టుంటే అది మడమ చేస్తున్న ఫిర్యాదే. అందుకే ఫ్లాట్స్ ఎంపికలో ముందు పాదం, తర్వాతే ఫ్యాషన్!

కాగితం చెప్పే నిజం

చెప్పుల దుకాణానికి సాయంత్రం వెళ్లడం మేలు. రోజంతా తిరిగాక పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి. ఉదయం సరిగ్గా పట్టిన జత సాయంత్రానికి బిగుతైపోయేది అందుకే. బయల్దేరే ముందు ఓ చిన్న పని చేయండి. తెల్లకాగితం మీద నిల్చుని రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. దుకాణంలో నచ్చిన జతను ఆ గీత మీద పెట్టి చూడండి. గీత బయటికి కనిపిస్తోందంటే ఆ జత ఇరుకన్నట్టే. వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి.

చాలామందికి రెండు పాదాలూ ఒకే కొలతలో ఉండవు. పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. ముందు భాగం మూసి ఉండే రకాల్లో పొడవైన వేలి ముందు అర అంగుళం దాకా ఖాళీ ఉండాలి. కూర్చుని తొడుక్కుని చూస్తే సరిపోదు, లేచి నాలుగడుగులు వేయాలి. 'వాడగా వాడగా సాగుతుంది' అని దుకాణదారు చెప్పినా సరే, అప్పుడే కరుస్తున్న జతను పక్కన పెట్టేయండి.

వంచి చూడండి

చెప్పును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచాలి. వేళ్ల మొదళ్లు ఉండే చోట వంగితే మంచి జత. నడిమధ్యకు మడత పడితే పాదానికి ఆసరా ఇవ్వదు. తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగిపోయేదీ వద్దు. మడమ దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తు, లోపల కాస్త మెత్త ఉన్న రకం రోజంతా నిలబడే టీచర్లకీ, నర్సులకీ, సేల్స్‌గాళ్స్‌కీ హాయి. బస్సెక్కి దిగేవారికీ, స్కూటీ నడిపేవారికీ వెనక పట్టీ ఉంటే కాలి నుంచి జారిపోదు.

దేనిమీదకు ఏది?

చీర: చెప్పులు వేసుకున్నాకే చీర కట్టుకోవాలి. ఎత్తు మడమలకు తగ్గట్టు కుచ్చిళ్లు పెట్టి తర్వాత ఫ్లాట్స్ వేసుకుంటే అంచు కాళ్లకింద పడుతుంది. మెట్లమీద అది ప్రమాదం కూడా. పట్టుచీరకు బంగారు, రాగి రంగు పట్టీలు, నేత చీరకు గోధుమరంగు తోలు చెప్పులు బాగుంటాయి.

నూలు కుర్తా, పలాజో, జీన్స్: వీటి మీదకు కొల్హాపురీలు చక్కటి జోడీ. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని నాలుగేసి జిల్లాల్లో తయారయ్యే వీటికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మిలాన్ వేదిక మీద ఇవే పోలికలున్న చెప్పులు ప్రదర్శించి, విమర్శలు వచ్చాక అవి భారతీయ చేతిపని స్ఫూర్తితో చేసినవేనని ఒప్పుకొంది. కొత్తల్లో తోలు గట్టిగా ఉంటుంది కాబట్టి పట్టీలకు లోపలివైపు చుక్క కొబ్బరినూనె రాసి, మొదట్లో రోజుకు గంటసేపే వేసుకోవాలి.

చుడీదార్, అనార్కలీ, లంగా ఓణీ: కుట్టుపనితో మెరిసే పంజాబీ జుత్తీలు వీటికి నిండుదనం తెస్తాయి. సంప్రదాయ జుత్తీల్లో కుడి, ఎడమ తేడా ఉండదు. లోపల గుర్తు పెట్టుకుని రోజూ అదే కాలికి వేసుకుంటే మెల్లగా పాదం ఆకారానికి వస్తాయి. నేలను తాకే అనార్కలీ కుట్టించేటప్పుడు ఫ్లాట్స్ మీదకేనని దర్జీకి ముందే చెప్పాలి.

ఆఫీసు ప్యాంట్లు, స్కర్టులు: లోఫర్లు, బ్యాలె ఫ్లాట్స్ హుందాగా ఉంటాయి. 1956లో నటి బ్రిజిట్ బార్డో కోసం ప్యారిస్‌లో రెపెటో సంస్థ తయారుచేసిన జతతో నాట్యశాలలోని ఈ బూట్లకు జనాదరణ పెరిగింది. అన్నట్టు, వీటి అడుగు బాగా పల్చన. లోపల మెత్తటి సోల్ వేసుకోవడం మంచిది.

పొట్టిగా కనిపిస్తామన్న బెంగ ఉంటే చీలమండ చుట్టూ పట్టీ ఉండే రకాలు వద్దు. అవి కాలిని అడ్డంగా కోసినట్టు చూపిస్తాయి. ముందు భాగం కాస్త మొనదేలి, ఒంటి రంగుకు దగ్గరగా ఉండేవి ఎంచుకుంటే కాళ్లు పొడవుగా కనిపిస్తాయి. జతలు డజను అక్కర్లేదు. గోధుమరంగు, నలుపు, బంగారు రంగుల్లో మూడుంటే ఏడాదంతా గడిచిపోతుంది. ఒకే జతను రోజూ వాడకుండా మార్చి మార్చి వేసుకుంటే లోపలి చెమ్మ ఆరి, వాసన రాదు. వానకు తడిస్తే ఎండలో పెట్టొద్దు. లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి నీడన ఆరబెట్టాలి.

అమ్మ పాదాలు చూశారా?

మధుమేహం ఉన్నవారిలో కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. చెప్పు కరిచినా తెలియదు, పుండు పడ్డాకే చూసుకుంటారు. వేళ్ల మధ్య పట్టీ ఒరుసుకునే రకాలు వీరికి తగవు. ముందు వెడల్పుగా ఉండి, వెనక పట్టీతో, ఎంసీఆర్ వంటి మెత్తటి అడుగు ఉన్నవి వాడాలి. వేసుకునే ముందు లోపల చేయిపెట్టి రాయీ రప్పా లేవని చూసుకోవడం, రాత్రి పాదాలు పరీక్షించుకోవడం తప్పనిసరి. పుండు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వయసుతోపాటు, కాన్పుల తర్వాత పాదం సైజు మారుతుంది. అయినా చాలామంది తల్లులు పెళ్లినాటి నంబరే చెబుతారు. గట్టి టైల్స్ మీద పూటంతా వట్టికాళ్లతో వంట చేసి, మడమ నొప్పిని వయసు మీదకు నెట్టేస్తారు. ఈసారి పండక్కి చీరతోపాటు అమ్మకు ఓ మంచి జత, ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి చెప్పులు కొనండి. నంబరు అడగొద్దు. ముందు కాగితం, పెన్సిల్ తీసుకుని ఆమె పాదాల దగ్గర కూర్చోండి!