బొట్టు ఎటు పోతుంది?

పిల్లలూ! డ్రిప్పు గొట్టం నుంచి పడిన నీటిబొట్టు నేలలోకి దిగి ఎటు పోతుంది? "కిందికి" అంటారు మీరు. అది సగమే నిజం.

పోయిన వేసవిలో మా కలికిరి దగ్గర ఒక టమాటా తోటకు వెళ్ళాను. ఆ రైతు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "అయ్యవారూ, నాలుగు గంటలుగా డ్రిప్పు వదిలాను. సాళ్ళ మధ్య ఇంకా పొడిగానే ఉంది. ఇంకో రెండు గంటలు వదిలితే తడుస్తుంది గదా?" అన్నాడు.

జవాబు చెప్పకుండా పార తెమ్మన్నాను. డ్రిప్పరు పక్కనే మోకాలి లోతు గుంట తీశాం. తడి పక్కలకు జానెడు కూడా పోలేదు. కిందికి మాత్రం గుంట అడుగు దాటి పోయింది. టమాటా వేళ్ళు ఎక్కువగా ఉండేది పై అడుగున్నరలోనే. బోరు నుంచి తోడిన నీరు, అందులో కరిగిన ఎరువుతో సహా, మొక్కకు అందకుండా పోతున్నదన్నమాట. పాపం, అతని ముఖం చిన్నబోయింది. సాళ్ళ మధ్య పొడిగా ఉండడం తప్పు కాదు. డ్రిప్పు పెట్టేదే అందుకు.

నేలలో నీటిని లాగేవి రెండు. ఒకటి భూమ్యాకర్షణ, అది కిందికే లాగుతుంది. రెండవది మట్టి రేణువుల మధ్య సందులు. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు అవి నీటిని పక్కలకూ, పైకీ కూడా పీలుస్తాయి. సందు ఎంత సన్ననిదైతే పీల్పు అంత బలం.

మాది ఎర్రని గరపనేల. రేణువులు పెద్దవి, సందులూ పెద్దవే. అందుచేత తడి ముల్లంగిలా సన్నగా, లోతుగా దిగుతుంది. ఆదోని వైపు పత్తి పండే నల్లరేగడి అలా కాదు. అందులోని బంకమట్టి రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కన్నా చిన్నది! అక్కడ పత్తి మొదట పడిన నీరు ఎర్రగడ్డలా పక్కలకు ఉబ్బుతుంది. కనుక డ్రిప్పర్లు దూరంగా ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ దగ్గరగా ఉండాలి; నీళ్ళు కొంచెంకొంచెంగా, తరచుగా వదలాలి. మా రైతు ఇప్పుడు అలాగే చేస్తున్నాడు.

నా మాట ఊరికే నమ్మకండి. రెండు గాజు జాడీలు తీసుకోండి. ఒకదానిలో ఎర్ర గరపమట్టి, రెండవదానిలో పొడిచేసిన నల్లరేగడి లేక చెరువుమట్టి నింపండి. రెండూ బాగా ఎండినవై ఉండాలి. గాజును ఆనుకొని ఒక్కొక్క చుక్కగా, రెండింటిలోనూ సమానంగా నీళ్ళు వేయండి. కాసేపటికి ఆపి, తడి అంచు వెంట స్కెచ్ పెన్నుతో గీత గీయండి. మరునాడు పొద్దున తడి ఆ గీతను దాటిందా, ఏ జాడీలో ఎటువైపు ఎక్కువ దాటిందో చూసి నాకు రాయండి.