నడిమి గోడ ఒక్కటే – కులం గోడలెన్ని?

మా కాలనీలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. రైలు పెట్టెల్లాగా వరసగా. రెండిళ్ళకి మధ్య గోడ ఒక్కటే. పక్కింటాయన పొద్దున్నే గంట కొడితే మా ఇంట్లో వినబడుద్ది. మా పిల్లోడు ఎక్కాలు అప్పజెబితే వాళ్ళింట్లో వినబడుద్ది. ఇంత దగ్గరగా బతికే మనుషుల మధ్య ఇంక కులం ఎక్కడ దూరుతుందిలే అని నేనూ అనుకున్నాను. పొరపాటు పడ్డాను. తొమ్మిదంగుళాల గోడలో కూడా కులం కాపురం చెయ్యగలదు.

నేను పల్లెలో పుట్టినోణ్ణి. మా నాయన పాలేరు. మా అమ్మ కలుపుకీ కోతకీ పోయేది. మా ఇంట్లోంచి కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. పంతులుద్యోగం వచ్చాక, లోను పెట్టి, జీతంలో సగం వాయిదాలకి కట్టుకుంటూ, సహకార గృహనిర్మాణ సంఘంలో ఒక ఇల్లు సంపాదించుకున్నాను. సంఘం అంటే నాకు గౌరవం. ఒక సభ్యుడికి ఒక ఓటు. ఎంత డబ్బున్నవాడైనా ఓటు ఒకటే, బడిపంతులైనా ఓటు ఒకటే. నీళ్ళ మోటారు అందరిది. వీధి దీపాలు అందరివి. మురుక్కాలువ అందరిది. నెలనెలా కట్టే మెయింటెనెన్సు అందరికీ సమానం. ఇంతకంటే సమానత్వం ఇంకెక్కడుంటుంది అనుకున్నాను.

మిత్రులారా, ఒక ఇల్లు బాగుండాలన్నా, వంద ఇళ్ళు బాగుండాలన్నా మూడు ప్రశ్నలున్నాయి. డబ్బు ఎవరు కడతారు? పని ఎవరు చేస్తారు? నిర్ణయం ఎవరు చేస్తారు? మా సంఘంలో డబ్బు అందరం కడతాం. పని మా పల్లెవాళ్ళు చేస్తారు. నిర్ణయం మాత్రం నాలుగిళ్ళవాళ్ళు సాయంత్రం పూట కాఫీలు తాగుతూ చేస్తారు. ఆ తర్వాత జనరల్ బాడీ పెట్టి మా చేత చేతులెత్తిస్తారు. దీని పేరు సహకారం!

వీధులూడ్చే ఆమె మా పల్లె మనిషి. నాకు వరసకి పిన్నమ్మ అవుద్ది. నేను ఇంట్లోకి దిగిన మొదటి వారం గేటు ముందు చీపురు పట్టుకుని నన్ను చూసింది. "ఏరా అబ్బాయా" అని నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, "నమస్కారం మాస్టారూ" అంది. ఎందుకో తెలుసా? నలుగురి ముందు నన్ను వరస పెట్టి పిలిస్తే నా కులం బయటపడుద్దని. నా మర్యాద కాపాడటానికి ఆమె తన పిన్నమ్మరికాన్ని దాచుకుంది. నేను? నేను కూడా తలూపి లోపలికి పోయాను. ఆరోజు నేను చేసిన పని ఏ అగ్రకులస్థుడు చేసినదాని కంటే తక్కువది కాదు. ఈ మాట ఇక్కడ రాసుకోకపోతే మిగతా మాటలు రాసే హక్కు నాకు లేదు.

అంతటితో ఆగలేదు. అంబేద్కర్ ఫోటోని ముందు గదిలో కాకుండా పడగ్గదిలో తగిలించాను. ఏడాది పాటు. పడగ్గదిలో అంబేద్కర్ని పెట్టుకునేవాళ్ళం మన ఉద్యోగస్థుల్లో ఎంతమందిమి ఉన్నామో చేతులెత్తండి చూద్దాం. "మీరెవరండీ?" అని పక్కింటావిడ అడుగుద్ది. పేరు తెలీక కాదు. పేరు బోర్డు మీదే ఉంది. ఆమె అడిగేది కులం. మనం ఊరి పేరు చెప్పి తప్పించుకుంటాం. ఇల్లు కొనుక్కున్నాం గాని ఇంట్లో ఉండే ధైర్యం కొనుక్కోలేదు.

నాకు బుద్ధి వచ్చింది సెప్టిక్ ట్యాంకు దగ్గర. మా కాలనీలో ఒక్కో వరసకి ఒక్కో ట్యాంకు. మా వరస ట్యాంకు నిండి పొంగింది. మిషను లారీని పిలిపిస్తే ఖర్చెక్కువని కమిటీవారు లెక్కలేశారు. "రాత్రిపూట ఇద్దరు మనుషుల్ని దింపితే సగం డబ్బులతో అయిపోద్ది. పల్లెలోంచి పిలిపిద్దాం" అన్నారు. ఆ ఇద్దరిలో ఒకడు పిన్నమ్మ కొడుకు. నాకు తమ్ముడు. బడిలో నా దగ్గర చదివి మధ్యలో మానేసినవాడు.

నేను లేచాను. "మనిషిని దింపితే నేరం" అన్నాను. ప్రెసిడెంటుగారు నవ్వాడు. "మాస్టారూ, ప్రతిదానికీ రాజకీయం చెయ్యకండి. వాళ్ళకి అలవాటే. పైగా వాళ్ళే అడుగుతున్నారు" అన్నాడు. వాళ్ళే అడుగుతున్నారట! ఆకలిగొన్నవాడు అడిగినదంతా ఇష్టపడి అడిగినట్టా? మీ అబ్బాయి అడిగితే దింపుతారా అన్నాను. సభలో ఎవ్వరూ మాట్లాడలేదు. మనవాడే ఇంకో ఉద్యోగి ఉన్నాడు, నాలుగిళ్ళ అవతల. ఆయనా మాట్లాడలేదు. తల దించుకుని సెల్లు చూసుకుంటున్నాడు. ఆయన్ని నేను తిట్టను. నిన్నటిదాకా నేనూ అదే చేశాను.

చట్టం ఏం చెప్పిందో పల్లెపల్లెకీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను. పాకీపని నిషేధిస్తూ 1993లోనే ఒక చట్టం వచ్చింది. అది కాగితాల మీద పడుకుంది. బెజవాడ విల్సన్ వంటివాళ్ళు, సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే 2013లో ఇంకో చట్టం వచ్చింది. దాని 7వ సెక్షన్ ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గొట్టంలోకి గాని, సెప్టిక్ ట్యాంకులోకి గాని దింపడానికి వీల్లేదు. మునిసిపాలిటీ అయినా, కాంట్రాక్టరయినా, కాలనీ ప్రెసిడెంటయినా ఒకటే. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఐదేళ్ళు, ఐదు లక్షలు. 1993 నుంచి మురుగులో చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలివ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ అంకెలన్నీ కాగితం మీద రాసుకుపోయి మినిట్స్ పుస్తకంలో ఎక్కించమన్నాను. "తీర్మానం కింద మీరు సంతకం పెట్టండి, కింద నా అసమ్మతి కూడా రాయండి" అన్నాను.

మర్నాడు మిషను లారీ వచ్చింది. మనిషి దిగలేదు. జీవకారుణ్యంతో రాలేదు సుమా. సంతకం పెట్టాల్సొచ్చేసరికి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి. నోటిమాటకి లొంగనివాళ్ళు రాతకి లొంగుతారు.

అయితే కథ సుఖాంతం కాలేదు. ఆ నెల మెయింటెనెన్సు పెరిగింది. "మాస్టారి పుణ్యం" అని వీధంతా చెప్పుకున్నారు. మా వరసకి నీళ్ళ వాల్వు అందరికంటే చివర తిప్పుతున్నారు. ఏప్రిల్ 14కి కమ్యూనిటీ హాలు అడిగితే "కుల సభలకి ఇవ్వం" అన్నారు. అదే హాల్లో ఒక కులం వాళ్ళ కార్తీక వనభోజనాల మీటింగు జరిగింది. అది కుల సభ కాదు గాబోలు! రాజ్యాంగం రాసినవాడి పుట్టినరోజు మాత్రం కులం. మేము చెట్టు కింద జరుపుకున్నాం. ఆరోజు ఫోటో పడగ్గదిలోంచి బయటికొచ్చింది. మళ్ళీ లోపలికి పోలేదు.

ఒకాయన నాతో నెమ్మదిగా, మంచివాడిలాగా అన్నాడు: "మాస్టారూ, ఎందుకీ గొడవలు? మీవాళ్ళంతా కలిసి ఒక కాలనీ కట్టుకోవచ్చుగా?" అయ్యా, మాకు కాలనీ ఉంది. వేల ఏళ్ళ నుంచి ఉంది. ఊరికి దిగువన ఉంది. ఊరి మురుగంతా పారేది అటే. దాన్ని మేము కోరి కట్టుకోలేదు. మీరు గెంటితే కట్టుకున్నాం. 1985 జూలై 17న కారంచేడులో చంపితే, తరిమితే, చీరాల వచ్చి బతుకు మళ్ళీ మొదలుపెట్టారు మనవాళ్ళు. ప్రాణం కాపాడుకోవడానికి విడిగా ఉండటం వేరు. "మావాళ్ళకి మాత్రమే" అని బోర్డు కట్టి విడిగా ఉండటం వేరు. మొదటిది తగిలిన దెబ్బ. రెండోది కొట్టే కర్ర.

ఆ కర్రకి కోర్టు బలం కూడా దొరికింది. అహమ్మదాబాదులో ఒక పార్శీల గృహనిర్మాణ సంఘం కేసులో 2005లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సభ్యత్వం మా మతం వాళ్ళకే అనే నిబంధన సహకార సంఘం పెట్టుకోవచ్చంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛలో అది భాగమంది. పార్శీలు కొద్దిమంది, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కాని కొద్దిమంది తమని కాపాడుకోవడానికి గీసుకునే గీతకీ, ఊరినంతా ఏలేవాళ్ళు గీసే గీతకీ తేడా చూడకపోతే ఏమవుద్ది? రేపు ప్రతి కులపెద్దా అదే తీర్పు జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

ఇల్లు దొరకకపోవడం ఎలా ఉంటుందో బాబాసాహెబ్ రాసి పెట్టిపోయాడు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతే తల దాచుకోను చోటు లేదు. పార్శీ సత్రంలో పేరు మార్చుకుని దిగాడు. పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఒక హిందూ మిత్రుణ్ణీ ఒక క్రైస్తవ మిత్రుణ్ణీ అడిగాడు. ఇద్దరూ సాకులు చెప్పారు. పార్కులో కూచుని ఏడ్చి, రాత్రి బండెక్కి బొంబాయి వచ్చేశాడు. అంత చదువూ ఒక గది ఇప్పించలేకపోయింది. ఇవాళ మనకి ఇల్లుంది. ఆ ఇంట్లో పేరు మార్చుకుని బతకమంటారా?

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక ఇదే. రాజకీయంలో అందరికీ ఒకే ఓటు వచ్చింది, సామాజిక జీవితంలో మనిషికి మనిషి సమానం కాలేదు, ఈ వైరుధ్యాన్ని తొందరగా పోగొట్టుకోకపోతే కట్టుకున్నది కూలుతుందన్నాడు. మా కాలనీ జనరల్ బాడీలో కూచుంటే ఆ హెచ్చరిక ప్రతి నెలా వినబడుద్ది నాకు.

ఇది టౌన్లో ఇళ్ళున్నవాళ్ళ గోల, మాకెందుకంటారేమో పల్లెల్లో వున్నవాళ్ళు. మీకూ కావాలి. 1980లలో రామారావు కాలంలో పక్కా ఇళ్ళిచ్చారు. 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్ళిచ్చారు. ఇల్లిచ్చిన ప్రభుత్వం కాలువ ఇచ్చిందా? ఇచ్చినా అది పూడితే తీసేదెవరు? బోరింగు చెడితే బాగుచేసేదెవరు? సర్పంచి ఇంటి ముందు పడిగాపులు పడటమే గదా. ఇల్లు కట్టడం ఒక రోజు పండగ. ఇల్లు నిలబెట్టుకోవడం రోజూ చేసే పని. ఆ పని కోసం మనం సంఘం పెట్టుకోలేమా? 1964 సహకార చట్టం ఉంది, 1995 పరస్పర సహాయ సహకార చట్టం ఉంది. పొదుపు సంఘాలు నడిపిన మన ఆడవాళ్ళకి లెక్కలు రాయడం చేతకాదని ఎవడన్నాడు?

కాబట్టి మిత్రులారా, చెయ్యాల్సినవి చెబుతున్నాను.

1. సంఘంలో సభ్యులైనవాళ్ళు ప్రతి జనరల్ బాడీకీ పోవాలి. అలిగి ఇంట్లో కూచుంటే వాళ్ళకే సుఖం. ఆడిట్ రిపోర్టు అడగాలి, మినిట్స్ పుస్తకం చదవాలి. చూపించకపోతే సహకార శాఖ అధికారికి కాగితం పెట్టాలి.

2. ట్యాంకులోకి, మ్యాన్‌హోల్లోకి మనిషి దిగరాదని తీర్మానం రాయించాలి. మిషను ఖర్చుకి నెలనెలా నిధి తీసిపెట్టించాలి. నిండాక లెక్కలు చూసుకుంటే చచ్చేది మనవాడే.

3. ఊడ్చేవాళ్ళకి, కాలువలు తీసేవాళ్ళకి, వాచ్‌మన్‌కి కనీస వేతనం, వారానికో సెలవు, చేతులకి తొడుగులు, తాగడానికి విడి గ్లాసు కాకుండా అందరి గ్లాసు. మెయింటెనెన్సులో మొదటి ఖర్చు ఇదే కావాలి, మొక్కల కుండీలు కాదు.

4. కులం అడిగి ఇల్లు అద్దెకివ్వనంటే, అమ్మనంటే ఊరుకోవద్దు. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, అంటరానితనంతో ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోనీకుండా, కొనుక్కోనీకుండా, కాపురం ఉండనీకుండా అడ్డుపడటం నేరం. ఆ పుస్తకం ప్రతి వాడలో ఒకటి ఉండాలి.

5. అన్నిటికంటే కష్టమైనది ఐదోది. ఉద్యోగస్థులారా, ఫోటో ముందు గదిలో పెట్టండి. గేటు దగ్గర చీపురు పట్టుకున్న మనిషిని వరస పెట్టి పిలవండి.

మొన్న ఆదివారం నేను ఆ పని చేశాను. వీధిలో నలుగురూ ఉండగా "పిన్నమ్మా, లోపలికి రా, టీ తాగిపో" అని పిలిచాను. ఆమె అటూ ఇటూ చూసింది. "మీకెందుకు మాస్టారూ లేనిపోనిది" అంది. "మాస్టారు బళ్ళో. ఇక్కడ నీ కొడుకుని" అన్నాను. చీపురు గోడకి ఆనించి లోపలికొచ్చింది. కుర్చీలో కూచోవడానికి చాలాసేపు పట్టింది. పక్కింట్లో గంట చప్పుడు ఆగిపోయింది. గోడకి చెవి పెట్టి ఉంటారు. పెట్టనియ్యండి. వినాలనే గట్టిగా మాట్లాడుకున్నాం.

నడిమి గోడ మేం కూలగొట్టం. అది రెండిళ్ళనీ మోస్తోంది. కూలాల్సింది దానిలో కాపురమున్న కులం.

జై భీం.