కంఠపాఠము నిరూపణము కాదు

మన కళాశాలలలో గణితము నభ్యసించు విద్యార్థులకు కొదవ లేదు. మడకశిర, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల రైతుబిడ్డలు, వేరుసెనగ రాబడిలో తల్లిదండ్రులు మిగిల్చిన సొమ్ముతో పట్టపరీక్షలకు చదువుచున్నారు. సిద్ధాంతములను, వాని నిరూపణములను వరుస తప్పక వ్రాసి ఉత్తీర్ణులగుచున్నారు. అయినను ప్రశ్నను కొంచెము మార్చి యడిగినచో పెక్కురి కలము నిలిచిపోవుచున్నది. ఇది విద్యార్థుల బుద్ధిమాంద్యము కాదు; నిరూపణమును కంఠపాఠముగా నెంచు బోధనాపద్ధతి దోషము.

నిరూపణమువలన ప్రయోజనమేమి? చేని లెక్కనే తీసికొందము. నాలుగంచుల చేనికి ఎదురెదురు అంచులను కూడి సగము చేసి, వచ్చిన రెండు సంఖ్యలను గుణించి వైశాల్యము చెప్పుట పూర్వపు వాడుక. ఇది స్థూలఫలమే యని క్రీ. శ. 628లోనే బ్రహ్మగుప్తుడు హెచ్చరించెను. అంచులన్నియు నూరేసి గజములై, మూలలు మట్టముగా నున్నచో చేను 10,000 చదరపు గజములు. అవే అంచులతో చేను ప్రక్కకు వాలి, ఒక మూల 30 డిగ్రీలైనచో 5,000 మాత్రమే. వాడుకలెక్క మాత్రము రెంటికిని 10,000 అనియే చెప్పును. ఇట్టి తప్పు ఎల్లప్పుడును అమ్మువానికే లాభమా, ఒక్కొక్కప్పుడు కొనువానికిని లాభమా?

ఎన్ని చేలు కొలిచినను దీనికి నిశ్చయమైన యుత్తరము రాదు. ఆలోచించినచో వచ్చును. త్రిభుజ వైశాల్యము దాని రెండు భుజముల లబ్ధములో సగమునకు మించదు. మూలలన్నియు వెలుపలికే యున్న చేనిని ఒక కర్ణముచే రెండు త్రిభుజములుగా ఖండించి యీ మాట నన్వయింపుడు; పిదప రెండవ కర్ణముచే ఖండించి మరల నన్వయింపుడు. రెండు ఫలములను కూడి సగము చేసినచో వాడుకలెక్క చెప్పు సంఖ్యయే వచ్చును. కావున నిజమైన వైశాల్యము దానిని ఎన్నడును మించదు. మూలలు నాలుగును మట్టమైనపుడే సమానమగును. ఆ లెక్కతో కొనువానికి లాభమెన్నడును లేదు.

ఇట్టి "ఎన్నడును" అను మాట చెప్పగలుగుటయే నిరూపణశక్తి. 1920లో నాటి బళ్లారి జిల్లాయందలి హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కలకత్తాలో పాఠము చెప్పుచుండగా, పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితము చిన్న నమూనాలకును నిరూపింపవచ్చునా యని యొక విద్యార్థి యడిగెను. ఆయన ఇంటికిపోయి ఆలోచించి, మరునాడు నిరూపణముతో వచ్చెను. 1945లో ప్రకటితమైన యా ఫలితము క్రామెర్-రావు అసమానతయను పేర లోకవిఖ్యాతమైనది. నిష్పాక్షికమగు అంచనాలోని చాంచల్యము ఏ హద్దుకు తగ్గదో యది తెలుపును. అడుగు విద్యార్థియు, అడిగినదానికి కోపింపని గురువును కలిసినందున లభించిన ఫలమిది.

కావున అనంతపురమున 1981లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయముతో పాటు మన విశ్వవిద్యాలయములన్నిటికి మా మనవి రెండు మాటలు. ప్రతి గణితపరీక్షలోను కనీసము అయిదవ వంతు మార్కులు పుస్తకమున లేని ప్రశ్నలకు కేటాయింపవలెను: "ఇది సత్యమైనచో నిరూపింపుడు, కానిచో ప్రత్యుదాహరణము చూపుడు." మొదటి సంవత్సరమున పరోక్ష నిరూపణము, గణితానుగమనము, విపర్యయము మొదలగు తర్కరీతులను తెలుగున చర్చించుచు నేర్పవలెను. తెలుగు బడినుండి వచ్చిన బాలునికి ఆంగ్లవాక్యము కంఠస్థము చేయుట సులభము, దానిని ప్రశ్నించుట కష్టము.

ఉత్తీర్ణుల సంఖ్య తగ్గునని కొందఱు భయపడవచ్చును. ఒకటి రెండేండ్లు తగ్గవచ్చును. కాని అప్పు వడ్డీ మొదలు ప్రభుత్వపు టంకెలవఱకు చెప్పినదెల్ల నమ్మి తలయూచు పట్టభద్రులవలన ప్రజారాజ్యమునకు బలము కలుగదు. మడక పట్టిన తండ్రి చేనిగట్టున నిలిచి "ఈ లెక్క ఎట్లు వచ్చెను?" అని నిలదీయును. అతని కుమారుడు కళాశాలలో నదే ప్రశ్న వేసినపుడు, గురువు సంతోషించి సమాధానము చెప్పు దినము రావలెను.