ఇంటిగుట్టు

పాతకాలపు తెలుగువారి ఇంటికి వీధివైపు అరుగు ఉండేది. దారిన పోయేవారు దానిమీద కూర్చొని సేదతీరేవారు. తెలిసినవారు వసారా దాకా వచ్చేవారు. దగ్గరి బంధువులు నడింట్లోకి వచ్చేవారు. పెట్టె, బీరువా ఉన్న లోపలి గదిలోకి ఇంటివారే వెళ్ళేవారు. ఎవరు ఎంతవరకు రావచ్చునో గోడమీద ఎక్కడా రాసి ఉండేది కాదు. అయినా అందరికీ తెలుసు. రాత్రివేళ ఇంటి యజమాని వీధి తలుపుకు గడియ పెట్టుకొంటే, "ఇతడేదో తప్పు చేశాడు, అందుకే తలుపు వేసుకొన్నాడు" అని ఎవరూ అనుకోలేదు.

ఇంటర్నెట్ విషయంలో మాత్రం ఈనాడు అటువంటి మాటే తరచుగా వినిపిస్తున్నది. "తప్పు చేయనివానికి దాచుకోవలసినది ఏముంటుంది?" అని చాలామంది అంటారు. వినడానికి ఈ ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. కాని ఇందులో ఒక పొరపాటు ఉంది. ఇది గుట్టునూ దాపరికాన్నీ ఒకటిగా చూస్తున్నది. జరిగిన తప్పు బయటపడకుండా కప్పిపుచ్చడం దాపరికం. తన సంగతులలో ఏది, ఎవరికి, ఎంతవరకు చెప్పాలో తానే నిర్ణయించుకోవడం గుట్టు. మొదటిది దోషం, రెండవది హక్కు. చట్టం భాషలో దీనినే గోప్యత అంటారు.

ఈ హక్కు భారతదేశంలో సులభంగా రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద 1941లో బందిపోటు దొంగతనం కేసు వచ్చింది. సాక్ష్యం లేకపోవడంతో ఆయనను విడిచిపెట్టారు. అయినా పోలీసులు ఆయన పేరిట ఒక దస్త్రం తెరచి, నిఘా ఉంచారు. రాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టి, నిద్ర లేపేవారు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని కోర్టు చెప్పింది. కాని గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని, మిగిలిన నిఘా తప్పు కాదని ఎక్కువమంది న్యాయమూర్తులు భావించారు.

ఆ అభిప్రాయంతో ఏకీభవించని న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయన 1902లో రాజమండ్రిలో జన్మించారు. 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని, అది లేనిచోట స్వేచ్ఛ అనే మాటకు అర్థం ఉండదని ఆయన తన భిన్నాభిప్రాయంలో రాశారు. న్యాయమూర్తి జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. కాని ఆనాడు వారిది తక్కువమంది మాట.

దాదాపు 55 సంవత్సరాలు గడిచాయి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ విధానాన్ని ప్రశ్నిస్తూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వివాదంలోనే గోప్యత హక్కా, కాదా అనే ప్రశ్న మళ్ళీ వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. 1962లో తక్కువమంది వైపు మిగిలిన సుబ్బారావు మాటే సరియైనదని తేలింది. అప్పటికి ఆయన కాలధర్మం చెంది 41 సంవత్సరాలు అయింది.

ఖరక్ సింగ్ ఇంటి తలుపు తట్టినవారు కంటికి కనిపించారు. ఇంటర్నెట్‌లో తలుపు తట్టేవాడు కనిపించడు. చాలాసార్లు తలుపు తట్టనవసరమే లేదు, ఇంటివారే లోపలి సంగతులు తెచ్చి అరుగుమీద పెడుతున్నారు. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్ భారతదేశంలో సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అప్పుడది కొన్ని కార్యాలయాలకూ కొద్దిమంది ఇళ్ళకూ పరిమితం. ఇప్పుడది ప్రతి చొక్కా జేబులోనూ ఉంది.

సమాచారం ఒక్కసారిగా పోదు, ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒక విద్యార్థి పుట్టినరోజు ఫోటోను అందరికీ కనబడేటట్లు పెడతాడు. దానితో పుట్టిన తేదీ తెలుస్తుంది. మరొక ఫోటోలో బడి చొక్కా మీద బడి పేరు ఉంటుంది. ఇంకొక దానిలో ఇంటి ముందు వీధి పేరు కనిపిస్తుంది. మార్కుల పట్టిక ఫోటోలో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. విడివిడిగా చూస్తే ఇవి చిన్న సంగతులే. అన్నిటినీ ఒకచోట కూర్చినవాడికి ఆ పిల్లవాడు ఎవరో, ఎక్కడ ఉంటాడో, ఎప్పుడు ఇంటికి వెళతాడో తెలిసిపోతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు అన్నారు. తెరమీదికి ఎక్కిన ఫోటోకు ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుంది. పెట్టినవారు దానిని తీసివేసినా, అప్పటికే దాచుకొన్నవారి దగ్గర అది మిగిలే ఉంటుంది.

సంకేతపదం, అంటే పాస్‌వర్డ్, ఇంటి తాళంచెవి వంటిది. దాని బలం లెక్కలతో తెలుస్తుంది. నాలుగు అంకెల సంఖ్యలు మొత్తం 10,000 మాత్రమే. ఇంగ్లీషులోని 26 చిన్న అక్షరాలతో 8 అక్షరాల పదాలు కూర్చితే సుమారు 20,882 కోట్లు వస్తాయి. ఒక్కొక్క అక్షరం పెరిగినప్పుడల్లా ఈ లెక్క 26 రెట్లు అవుతుంది. కనుక సంకేతపదం పొడవుగా ఉండడం మేలు. కాని తన పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టుకొంటే ఈ కోట్ల వలన ప్రయోజనం లేదు. దొంగ మొదట ప్రయత్నించేది వాటినే. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వరుసగా రాసుకొంటే, అది తనకు గుర్తుంటుంది, ఇతరులకు అందదు. అన్ని చోట్లా ఒకే సంకేతపదం వాడడం కూడా మంచిది కాదు. ఇంటికీ అంగడికీ పెట్టెకూ ఒకే తాళంచెవి ఉంటే, అది పోయిన రోజున మూడూ పోతాయి.

అయితే ఎంత గట్టి తాళమైనా, లోపలివారు తలుపు తీస్తే పనికిరాదు. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే గుర్తుకు వస్తుంది. ఇంటర్నెట్ మోసాలలో చాలాభాగం యంత్రాన్ని కాక మనిషినే గురిగా చేసుకొంటాయి. భయం, ఆశ, తొందర అనేవి మోసగాడి మూడు పనిముట్లు. "మీ ఖాతా ఆగిపోతుంది" అన్నది భయం. "మీకు బహుమతి వచ్చింది" అన్నది ఆశ. "పది నిమిషాలలో చెప్పాలి" అన్నది తొందర.

హోసూరులోనో, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఉన్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. ఇంట్లో అవ్వకు పింఛను వస్తుంది. ఆమె ఇంట్లో తెలుగు, వీధిలో ఆ ఊరి భాష మాట్లాడుతుంది. ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశం ఇంగ్లీషులో ఉంటుంది. దానిని చదివి చెప్పేది బడికి వెళ్ళే మనుమరాలే. ఒకనాడు ఫోను మోగుతుంది. అవతలి గొంతు చక్కని తెలుగులో "అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను" అంటుంది. చుట్టూ వేరే భాష వినిపించే చోట, తెలియని మనిషి నోట తెలుగు వినగానే అవ్వకు ఆత్మీయత కలుగుతుంది. "మీకు చదవడం రాకపోతే పిల్లలను పిలవండి. ఇప్పుడు వచ్చిన ఆరు అంకెలు చదవమనండి" అంటుంది ఆ గొంతు. మనుమరాలు సహాయం చేస్తున్నాననుకొని చదువుతుంది. ఆ ఆరు అంకెలే ఓటీపీ, అంటే ఒక్కసారికి మాత్రమే పనిచేసే రహస్య సంఖ్య. అది చెప్పిన మరుక్షణం పెట్టె మూత తెరచినట్లే.

తెలుగు మాట్లాడినంత మాత్రాన ఎవరూ బంధువు కారు. ఈ సంగతి ఇతర రాష్ట్రాలలో ఉన్న తెలుగు కుటుంబాలు మరింతగా గుర్తుంచుకోవాలి. ఇటువంటి ఇళ్ళలో చదువుకొన్న పిల్లలే వీధి గుమ్మానికి కాపలాదారులు. కనుక వారికి కొన్ని సంగతులు తిరుగులేకుండా తెలియాలి. ఫోను చేసి ఓటీపీ అడిగేవాడు మోసగాడే. ఏ బ్యాంకూ అలా అడగదు. యూపీఐ పద్ధతిలో డబ్బు పంపడానికి పిన్ కావాలి. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కరలేదు. "డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అన్నవాడు డబ్బు తీసుకోవడానికే వచ్చాడు. పోలీసు వేషంతో వీడియోలో కనిపించి "డిజిటల్ అరెస్టు" అని బెదిరించేవారూ ఉన్నారు. అటువంటి అరెస్టు భారతదేశపు చట్టాలలో ఎక్కడా లేదు.

కాపలాదారుకు మరొక ధర్మం కూడా ఉంది. అవ్వ సందేశాలు చదివి చెప్పే మనుమరాలికి ఆమె సొమ్ము లెక్కలు, మందుల వివరాలు తెలుస్తాయి. వాటిని స్నేహితులకు చెప్పకపోవడం, అవ్వ ఒప్పుకోకుండా ఆమె ఫోటో నలుగురికీ పంపకపోవడం మర్యాద. తన గుట్టు కాపాడుకోవాలనుకొనేవారు ఎదుటివారి గుట్టునూ కాపాడాలి.

ఇంతటి భారం పిల్లలమీదనే పెట్టడం న్యాయమా అనే ప్రశ్న రావచ్చు. అది న్యాయం కాదు. అవసరానికి మించి వివరాలు అడిగే సంస్థల బాధ్యతే ఎక్కువ. పేరు చాలినచోట పుట్టిన తేదీ ఎందుకు? విద్యార్థుల ఫోను నంబర్లతో సహా జాబితాను గోడకు అంటించడం ఎందుకు? ఆధార్ నకలు ఇవ్వవలసి వచ్చినప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే పత్రం తీసుకొనే వీలు ఉంది. అది చాలినచోట మొత్తం సంఖ్య అడగకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి కావలసినంత సమాచారమే తీసుకోవాలని అంటున్నది. 18 సంవత్సరాలలోపు వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలని కూడా ఆ చట్టంలో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి రావలసి ఉంది. చట్టం కాగితం మీద ఉంటే చాలదు, అడిగేవారు ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. "ఈ వివరం మీకు ఎందుకు?" అని వినయంగా అడగడం పౌరుని హక్కు.

ఇన్ని ప్రమాదాలు ఉన్నప్పుడు ఇంటర్నెట్ జోలికే పోకుండా ఉంటే మంచిది కదా అని కొందరు పెద్దలు అంటారు. పిల్లలు పడతారని ఎవరూ మంచినీటి బావిని పూడ్చివేయరు. చుట్టూ గట్టు కడతారు. తెలుగు పుస్తకాల అంగడి దగ్గరలో లేని ఊళ్ళో ఉన్న విద్యార్థికి తెలుగు నిఘంటువు, తెలుగు పత్రిక, దూరాన ఉన్న బంధువుల పలకరింపు ఇంటర్నెట్ ద్వారానే అందుతున్నాయి. దానిని మూసివేయడం నష్టమే. గట్టు కట్టడం తెలివి.

గట్టు ఉన్నా ఒక్కొక్కసారి కాలు జారవచ్చు. అప్పుడు చేయవలసిన పని మౌనంగా ఉండడం కాదు. డబ్బు పోయిన వెంటనే 1930 అనే నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యం కాకపోతే ఆ డబ్బు మరో ఖాతాకు చేరకుండా ఆపే అవకాశం ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, దగ్గరి పోలీసు ఠాణాలోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఇతరుల సంకేతపదాన్ని మోసంతో వాడుకోవడం, వేరొకరి పేరుతో వంచించడం సమాచార సాంకేతికత చట్టం ప్రకారం నేరాలు. వాటికి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష ఉంది.

కాని చాలామంది ఫిర్యాదు చేయరు. మోసపోయామని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. పిల్లలయితే తిడతారని భయపడతారు. ఫోటో చూపి బెదిరించేవాడు ఈ భయాన్నే నమ్ముకొని ఉంటాడు. "ఇంట్లో చెప్పకు" అన్నది వాడి మొదటి షరతు. అందుకే వాడి సంగతి మొదట ఇంట్లోనే చెప్పాలి. తల్లికో, తండ్రికో, నమ్మకమైన ఉపాధ్యాయునికో చెప్పిన క్షణంలో వాడి బలం సగం పోతుంది. విన్న పెద్దలు ముందు సహాయం చేయాలి, మందలింపు తరువాత చూసుకోవచ్చు. ఒకసారి తిట్లు తిన్న బిడ్డ రెండవసారి నోరు విప్పదు.

గుట్టు వేరు, దాపరికం వేరు అన్న మాటకు పూర్తి అర్థం ఇక్కడ తెలుస్తుంది. పిన్, ఓటీపీ, సంకేతపదం ఎవరికీ చెప్పకపోవడం గుట్టు. జరిగిన మోసాన్ని ఎవరికీ చెప్పకపోవడం దాపరికం. గుట్టు ఇంటిని కాపాడుతుంది. దాపరికం దొంగను కాపాడుతుంది. ఈ రెండింటి భేదం తెలిసిన పిల్లలు ఉన్న ఇంటికి మంచి కాపలా ఉన్నట్లే.